ఎడమ చక్రం కింది బుష్

పోయిన నెలలో అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోతుంటే, నేను కూర్చున్న బాడుగ కారు ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమని శబ్దం మొదలైంది. గుంత వచ్చినప్పుడల్లా టక్కు. మలుపు తిప్పినప్పుడల్లా టక్కు. డ్రైవరు పాటలు వింటూ పట్టించుకోలేదు. నేను మాత్రం ముందు సీటు పట్టుకొని బిగుసుకుపోయాను. "బుష్‌లు పోయినట్టుండాయి నాయనా, యాడన్నా ఆపు" అంటే అద్దంలోంచి నావైపు వింతగా చూశాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషికి బుష్‌ల సంగతి ఎందుకని అతని ఆశ్చర్యం. ఊరి మొగదల ఒక షెడ్డులో ఆపించాను. మెకానిక్కు చక్రం లేపి, పట్టుకొని ఊపి, నవ్వి, "అవ్వ చెప్పింది నిజమే" అన్నాడు. గంటలో రబ్బరు బుష్‌లు మార్చి పంపాడు. ఆ గంటసేపూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చీరకొంగుతో అరచేతులు తుడుచుకుంటూనే ఉన్నాను. భయపడడానికి అక్కడ ఏమీ లేదు. అయినా ఆ గ్రీజు వాసన ముక్కుకు తగిలితే చాలు, నా పదహారేళ్ళప్పటి ఒక ఆదివారమూ దాని మరుసటి సోమవారమూ మళ్ళీ మొదలవుతాయి.

మా నాయన దావీదు బస్సు డ్రైవరు. పొద్దున్నే కళ్యాణదుర్గంలో బయలుదేరి రాయదుర్గం పోయి, సాయంత్రానికి తిరిగొచ్చే ఓబుళరెడ్డి బస్సు ఆయన చేతిలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పట్టాళంవాళ్ళు అమ్మేసిన లారీ మీద చెక్కలతో కట్టిన బస్సు అది. రాత్రిపూట మా ఇంటి ముందే నిలబడేది. ఇల్లంటే ఒక మట్టిమిద్దె గది, ముందర నాలుగు బండలు పరిచిన వసారా. అందులో నాయన, అమ్మ సుందరమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. ఎస్సెల్సీ రాసి, టీచరు ట్రైనింగుకు పిలుపు వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న రోజులవి. పగలంతా అవ్వా నేనూ రైతుల ఇండ్లకు విత్తనపు చెనిక్కాయలు వొలిచేవాళ్ళం. నీళ్ళలో తడిపి, బొటనవేలితో నొక్కి, పప్పు పగలకుండా తీయాలి. సాయంత్రానికి వేలికొసలు మండేవి. ఇల్లంతా చెనిక్కాయ పొట్టు దుమ్ము, దాని మీద నాయన ఖాకీ చొక్కా నుంచి వచ్చే ఇంజను నూనె వాసన. ఈ రెండూ కలిసిన వాసనే మా ఇల్లు. నాయన రాగానే అమ్మ ఆయన చేతులను ముందు కిరసనాయిలు గుడ్డతో, తర్వాత పొయ్యి బూడిదతో, చివర చెంబెడు నీళ్ళతో శుభ్రం చేసేది. ఆ చెంబెడు నీళ్ళు కూడా కింద పడనిచ్చేది కాదు. గిన్నెలో పట్టి మరునాడు బస్సు అద్దం తుడవడానికి ఉంచేది.

వరసగా వానలు పోయిన కాలం. బావిలో బొక్కెన వేస్తే రాయికి తగిలిన శబ్దం వచ్చేది. నాయన బస్సులో ఇంజనుకు పోసే నీళ్ళ డబ్బా ఒకటి ఉండేది. దారిలో ఆడవాళ్ళు చంటిపిల్లల కోసం ఆ నీళ్ళే అడిగేవారట. తుప్పు నీళ్ళమ్మా తాగొద్దండి అని చెప్పీ చెప్పలేక, చివరికి తన తాగే నీళ్ళు వాళ్ళకు పోసి, ఎండిన నోటితో ఇంటికి వచ్చేవాడు. అమ్మకు ఆ సంగతి ఆయన పెదవులు చూస్తే తెలిసిపోయేది. మరునాడు ఇంకో సీసా నింపి ఇచ్చేది.

ఊరికి పడమట మూడు మైళ్ళ దూరంలో ఒక గుట్ట. రాయదుర్గం దారి దాన్ని ఎక్కి దిగాలి. మావైపు దిగుడు నిటారుగా, మూడు మలుపులతో ఉండేది. ఎడమపక్కన లోయ అనేంత లోతు లేదు గానీ, బస్సు పడితే ఎవరూ మిగలనంత లోతు. సాయంత్రం ఆ గుట్ట దిగి ఊరి మొగదలకు రాగానే నాయన రబ్బరు బుడ్డి హారన్ రెండుసార్లు నొక్కేవాడు. అది వినిపించాకే అమ్మ మరిగే ఎసట్లో రాగిపిండి పోసేది. అంతవరకు పొయ్యి ముందు కూర్చొని పుల్లలు వెనక్కూ ముందుకూ జరుపుతూ ఉండేది. వేసవిలోనైనా చలికాలంలోనైనా ఆ వేళకు అమ్మ ముఖం ఒకేలా ఉండేది. చెవి మాత్రమే బతికి ఉన్నట్టు. అవ్వ వక్కలు దంచుతుంటే, "అత్తా, రోంతసేపు ఆపుమ్మా" అనేది. అవ్వ రోకలి ఎత్తి పట్టుకొని అలాగే ఉండిపోయేది. హారన్ మోగాక దంచేది.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు నాయన భుజాలు నొస్తున్నాయని మూలగడం మొదలుపెట్టాడు. రోజూ అమ్మ వేడి ఆముదం పట్టించేది. స్టీరింగు వణుకుతోందని, ముందు చక్రాలు వాటి ఇష్టం వచ్చిన దిక్కుకు లాగుతున్నాయని చెప్పాడు. ఒకరోజు నన్ను పిలిచి, జాకీ మీద లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూపించాడు. టక్కు, టక్కు.

"ఇంటివా? తలుపు కీలు అరిగినట్ల అరిగినాది. ఇరుసు కొసలో నిలువుగా ఒక ఇనుప కడ్డీ ఉంటాది పాపా, దాన్ని కింగ్‌పిన్ అంటారు. చక్రం దాని మీద్నే అటూ ఇటూ తిరుగుతాది. కడ్డీకి పైనొకటి కిందొకటి ఇత్తడి గొట్టాలు తొడిగుంటారు. అవే బుష్‌లు. అవి పోతే చక్రం మన మాట ఇనదు."

"ఇనకపోతే?"

"గుట్ట మీద ఇనకపోతే ఇంకేముండాది" అని చక్రం కిందికి దించాడు.

ఓబుళరెడ్డి చెడ్డవాడు కాదు. నాయన పదిసార్లు చెప్పగా బళ్ళారిలో లేతు మిషను మీద నాలుగు బుష్‌లు తిప్పించి తెప్పించాడు. బిగించడానికి మాత్రం ఒక్క ఆదివారమే ఇచ్చాడు. ఎందుకంటే సోమవారం పొద్దున బస్సు ఆగడానికి వీల్లేదు. చేలల్లో పనిలేక, మా పేటలోని ఆడవాళ్ళు ముప్పైమంది పైగా బళ్ళారి వైపు నల్లరేగడి భూముల్లో పత్తి తీయడానికి గుంపుగా పోతున్నారు. మేస్త్రీ వాళ్ళ కోసం రాయదుర్గంలో లారీ నిలబెట్టి ఉంటాడు. ఆ గుంపులో మా చిన్నమ్మ మరియమ్మ కూడా ఉంది, ఆరునెలల బిడ్డను సంకనేసుకొని. క్లీనరు పెండ్లి చేసుకొని ఊరికి పోయి ఇంకా రాలేదు. అందుకని నాయనకు తోడు నేనే.

క్లీనరు లేకపోవడం ఒక్కటే కారణం కాదని ఆరోజు పని మొదలుపెట్టాక తెలిసింది. నాయన బుష్‌ను చేతిలో పట్టుకొని కంటికి దగ్గరగా తెచ్చి, మళ్ళీ దూరంగా చాపి, మళ్ళీ దగ్గరకు తెచ్చి, చివరికి నా చేతికి ఇచ్చాడు.

"దీంట్లో సన్న బెజ్జం ఒకటుండాది. చూపించు."

బెజ్జం స్పష్టంగా కనిపిస్తోంది. నేను ఆయన వేలు తీసుకుపోయి దాని మీద పెట్టాను. నాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "దూరముండేది బాగ కనపడతాది పాపా. దగ్గరదే అలుక్కపోయినట్ల ఉంటాది. రెడ్డికి తెలిస్తే కండ్లు పోయినాయని స్టీరింగు ఇడిపిస్తాడు. మీ అమ్మకు గూడా చెప్పల్యా" అన్నాడు. ఇంట్లో నాకొక్కదానికే తెలిసిన రహస్యం మోయడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం మేం ప్రార్థనకు గుడికి పోలేదు. గుడిగంట వినిపిస్తుంటే నాయన తల వంచి రెండు నిమిషాలు నిలబడి, తర్వాత సుత్తి ఎత్తాడు. చక్రాలు విప్పడం తొందరగానే అయింది. కింగ్‌పిన్‌లు మాత్రం కదల్లేదు. కిరసనాయిలు పోసి, నానబెట్టి, కింద నుంచి కడ్డీ పెట్టి కొడుతుంటే వీధంతా మోగింది. అవ్వ చెవుల్లో గుడ్డలు పెట్టుకొని, "ఒరే దావీదూ, ఆ బస్సును చంపుతాండావా బాగుచేస్తాండావా" అని అరిచింది. మధ్యాహ్నానికి పాత బుష్‌లు బయటికి వచ్చాయి. ఒకవైపు కాగితమంత పలచగా అరిగిపోయి, అంచు పట్టుకుంటే వేలు కోసేలా ఉన్నాయి. వీటి మీదేనా మా నాయన రోజూ గుట్ట దిగింది అనుకున్నాను.

కొత్త బుష్‌లు ఎక్కించడంలో ఒక మెలిక ఉంది. చక్రాన్ని పట్టుకునే ఇనుప భాగానికి బయట గ్రీజు ఎక్కించే చిన్న మూతి ఉంటుంది, నిపిల్ అంటారు. దాని వెనక ఒక రంధ్రం. బుష్‌లో ఉన్న బెజ్జం సరిగ్గా ఆ రంధ్రం ఎదుటికి రావాలి. అప్పుడే గ్రీజు లోపలి కడ్డీకి చేరుతుంది. ఏమాత్రం పక్కకు జరిగినా గ్రీజు లోపలికి పోదు. కడ్డీ ఎండిపోయి పట్టేస్తుంది. నాయన పొడుగాటి బోల్టు, రెండు నట్లు వేసి బుష్‌ను మెల్లగా లోపలికి లాగుతుంటే, నేను బొగ్గుతో గీసిన గీతలు రెండూ కలుస్తున్నాయో లేదో చూసి చెప్పాలి. బుష్ పూర్తిగా కూర్చున్నాక నిపిల్ విప్పి, ఆ రంధ్రంలోంచి చీపురు పుల్ల దూర్చాలి. పుల్ల లోపలికి పోతే సరిపోయినట్టు.

"పుల్ల పోయిందా?" అనేవాడు నాయన.

"పోయింది నాయనా."

కుడిపక్క రెండూ, ఎడమపక్క పైదీ అలాగే సరిపోయాయి. ప్రతి బుష్‌కూ లోపల గరుకు కాగితం చుట్టిన కట్టెతో రుద్ది, కడ్డీ బొటనవేలి ఒత్తిడికి లోపలికి జారేదాకా చూడడంతో పొద్దు వాలిపోయింది. నాయన చొక్కా వీపున ఉప్పు పొరలు కట్టింది. నాలుగోది, ఎడమపక్క కిందిది, లాగుతుంటే సగంలో ఎక్కడో పట్టుకొని, ఉన్నట్టుండి కిర్రుమని లోపలికి పోయింది. బొగ్గు గీత చెమట చేతులకు చెరిగిపోయి ఉంది. నేను పుల్ల దూర్చాను. అది కొంచెం పోయి ఆగింది. ఇంకొంచెం నొక్కాను. పుటుక్కున విరిగి, ముక్క లోపలే ఉండిపోయింది.

"పోయిందా?" అన్నాడు నాయన.

ఇప్పటికీ ఆ క్షణం నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆయన నేల మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు, ఎత్తలేని చేతులు రెండూ పొట్ట మీద వేసుకొని. పోలేదని చెప్తే బుష్ మళ్ళీ బయటికి లాగాలి. లాగితే చెడిపోవచ్చు. ఇంకో బుష్ లేదు. వెలుతురు లేదు. పుల్ల విరిగింది గానీ లోపలికే పోయి విరిగిందేమో కూడా.

"పోయింది నాయనా" అన్నాను.

చేతులతో గ్రీజు పూసిన కడ్డీలు ఎక్కించి, చక్రాలు తొడిగి, నిపిళ్ళకు గ్రీజు కొట్టాడు. మూడు నిపిళ్ళకు కొట్టాక గ్రీజు కొట్టే తుపాకి ఖాళీ అయింది. "కడ్డీకి పూసినాం గదా, కిందిదానికి రేపు రాయదుర్గంలో కొట్టిచ్చుకుంటా" అన్నాడు. ఆ రాత్రి నేను సంగటి తినకుండానే పడుకున్నాను. అలసట అనుకున్నారు.

సోమవారం తెల్లవారుతుండగానే మూటలు, కుండలు, పసిబిడ్డలతో ఆడవాళ్ళు బస్సు చుట్టూ మూగారు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. చిన్నమ్మ బిడ్డను నా చేతికి ఇచ్చి పైకెక్కింది. కిటికీలోంచి మళ్ళీ అందుకుంటూ, "ఏమ్మే రూతూ, మొగం అట్ల పెట్టినావు? రెండు నెలలకు వస్తాంలే" అంది. బిడ్డను అందిస్తుంటే నా చేతులు వదలలేదు. ఆమే లాక్కుంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఇంజను శబ్దం పెద్దదైంది. బస్సు కదిలింది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోందని నాయన నావైపు చూసి తల ఊపి, నవ్వాడు. ఆ నవ్వు నాకు కొరడా దెబ్బలా తగిలింది.

ఆ పొద్దు ఎలా గడిచిందో చెప్పడం కష్టం. చెనిక్కాయలు వొలుస్తుంటే పప్పులన్నీ పగిలిపోయాయి. వీధిలో ఎవరు గట్టిగా మాట్లాడినా వార్త తెచ్చారేమోనని లేచి నిలబడ్డాను. గుట్ట దాటి ఉంటారు అనుకున్నాను. రాయదుర్గం చేరి ఉంటారు అనుకున్నాను. చేరకపోతే ఎవరు వచ్చి చెప్తారు, ఎప్పటికి చెప్తారు? మళ్ళీ సాయంత్రం నాయన ఆ మూడు మలుపులూ దిగాలి కదా. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ప్రమాదం. అవ్వ నా చేతిలోని చాట తీసుకొని, "నీకేమో అయ్యింది" అని నుదురు పట్టి చూసింది. అమ్మ నీళ్ళ బిందెతో లోపలికి రాగానే అవ్వ ముందే ఏడ్చేశాను. పుల్ల సంగతి, అబద్ధం సంగతి, నాయన కళ్ళ సంగతి, అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.

అమ్మ కొడుతుందనుకున్నాను. బిందె దించి, ఆ నీళ్ళే సీసాల్లోకి వంచడం మొదలుపెట్టింది.

"రెడ్డికి చెప్తే తంతి పంపిస్తాడేమో" అంది అవ్వ.

"తంతి పొయ్యేలోపల ఆయన బయలెల్లి ఉంటాడత్తా. గుట్ట కాడికి పోదాం. దిగకముందే ఆపల్ల." నావైపు తిరిగి, "చెప్పులేసుకో" అంది.

రెండు సీసాల నీళ్ళు, తలమీద తడిగుడ్డ. అంతే. మిట్టమధ్యాహ్నం మూడు మైళ్ళు. దారికి రెండు వైపులా విత్తనం పడని చేలు, ఎర్రగా నెర్రెలు విచ్చి. నీడకు తుమ్మచెట్టు కూడా లేదు. అమ్మ నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. సగం దూరం పోయాక తనంతట తానే, "మీ నాయనకు కండ్లు కనపడేది ల్యాదని నాకు పోయిన ఏడే తెలుసు. అన్నంలో రాళ్ళు ఏరకుండా తింటాండె" అంది. మా ఇంట్లో ముగ్గురమూ ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకొని తిరిగామని అప్పుడు అర్థమైంది.

గుట్ట ఎక్కేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి. పైన ఒక బండ నీడలో కూర్చొని పడమటి దిక్కు చూస్తూ ఉన్నాం. ఎర్రటి దుమ్ము లేచినప్పుడల్లా లేచి నిలబడేవాళ్ళం. రెండుసార్లు సుడిగాలి. ఒకసారి ఎద్దులబండి. చివరికి బస్సు వచ్చింది. నిండు ప్రాణంతో వస్తోంది. అమ్మ దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచింది.

నాయన బ్రేకు వేసి కిందికి దూకాడు. "అమ్మకేమన్నా అయ్యిందా?" అన్నాడు ముందుగా.

"అత్తకేం కాల్యా. పాప చెప్పేది ఇను."

చెప్పాను. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వింటుండగా, తల వంచుకొని, పుల్ల విరిగిందని, పోయిందని అబద్ధం చెప్పినానని చెప్పాను. నాయన ముఖం నల్లబడింది. కానీ ఆశ్చర్యపోలేదు. "అందుకేనా" అన్నాడు మెల్లగా. రాయదుర్గంలో గ్రీజు కొట్టిస్తే ఆ ఒక్క నిపిల్‌లోంచి లోపలికి పోలేదట. మూతి మూసుకుపోయిందిలే, ఇంటికి పోయి చూద్దాం అనుకున్నాడట. తిరిగి వచ్చేటప్పుడు స్టీరింగు ఎడమకు తిప్పితే వెంటనే వెనక్కి రాక, చక్రం దగ్గర కిర్రుమనడం మొదలైందట. కొత్త బుష్‌లు గదా, బిగువుగా ఉంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చాడట.

"అందురూ దిగండప్పా" అని ప్రయాణికులకు చెప్పాడు. "గుట్ట కిందిదాకా నడ్చి రాండి. ఉత్త బండి దించుతా."

పదిహేనుమంది దాకా గొణుగుతూ దిగారు. అందరూ దిగాక అమ్మ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకు? దిగు" అన్నాడు నాయన.

"దిగను. నడుపు."

"సుందరీ, మాటిను."

"దినామూ ఇంట్లో కూచోని ఇంటాండా. ఈపొద్దు ఈడ కూచోని ఇంటా. నడుపు."

నాయన గేరు వేశాడు. బస్సు మనిషి నడకంత మెల్లగా దిగడం మొదలైంది. మేం వెనక దుమ్ములో నడుస్తున్నాం. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. మూడో మలుపు ఎడమవైపుకు. చక్రం తిరిగింది గానీ మలుపు అయిపోయాక వెనక్కి రాలేదు. బస్సు ఎడమ అంచుకే పోతోంది. నేను అరిచానో లేదో గుర్తులేదు. బ్రేకు పట్టిన శబ్దం, కంకర జారిన శబ్దం. ముందు చక్రం అంచుకు మూరెడు దూరంలో ఆగింది. అందరం పరుగెత్తి చక్రాల కింద రాళ్ళు పెట్టాం. అమ్మ సీట్లోనే ఉంది, కళ్ళు తెరుచుకొని, ముందు కమ్మీని రెండు చేతులతో పట్టుకొని. నాయన దిగి, చక్రానికి ఆనుకొని కూర్చున్నాడు.

"బరువు తీస్తే తిరుగుతాదేమో" అన్నాడు. జాకీ పెట్టి ముందు భాగం లేపాడు. చక్రాన్ని ఇద్దరు మగవాళ్ళు పట్టి కదిలించినా బిగుసుకొనే ఉంది. నూనె ఉంటే బాగుండు అన్నాడు నాయన. ప్రయాణికుల్లో ఈరమ్మ అని ఒకామె, కూతురు పురిటికని రాయదుర్గంలో ఆముదం కొనుక్కొని వస్తోంది. బుడ్డి మూత తీసి, "పొయ్యప్పా, నా బిడ్డకు ఇంగో బుడ్డి దొరుకుతాదిలే. బస్సు పోతే యాడిది" అంది. కడ్డీ పైనుంచీ కిందనుంచీ ఆ బుడ్డి సగందాకా పోసి, చక్రాన్ని కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడిస్తుంటే, చాలాసేపటికి కిర్రు తగ్గి కదిలింది. పొద్దు గూకేవేళకు గుట్ట కిందికి చేరాం. ఊరి మొగదల హారన్ మోగించాలని నాయనకు తోచలేదు. ఇంటి దగ్గర అవ్వ రోకలి పక్కన పెట్టి వాకిట్లోనే నిలబడి ఉంది.

మరునాడు ఓబుళరెడ్డి ఎదుటనే చక్రం విప్పాడు నాయన. కడ్డీ కింది భాగం గీతలు పడి నీలంగా మారింది. బుష్ బెజ్జం రంధ్రానికి అరవేలు పక్కన ఉంది. మధ్యలో చీపురు పుల్ల ముక్క. రెడ్డి ఆ ముక్కను గోటితో తీసి చూసి, "ఎవురిదిది?" అన్నాడు. నేను ముందుకు కదిలాను. నాయన చేయి అడ్డం పెట్టాడు.

"నాది రెడ్డీ. నేను చూసుకోవల్ల. నాకు దగ్గరిది కనపడదు. పాప కండ్లతో చేసినా."

రెడ్డి ముఖం ఎర్రబడింది. "కండ్లు కనపడకుండా నా బస్సు నడుపుతాండావా?"

"దూరం కనపడతాది."

రెడ్డి దూరంగా మిట్ట మీద మేస్తున్న గొర్రెల మందను చూపించాడు. "దాంట్లో నల్లవి ఎన్ని?"

"నాలుగు. ఒకటి కుంటుతాండాది" అన్నాడు నాయన. రెడ్డి తన మనిషిని పంపి చూసిరమ్మన్నాడు. వాడు వచ్చి తల ఊపేదాకా మా అమ్మ తలుపు రెక్క పట్టుకొని నిలబడే ఉంది. రెడ్డి భుజం మీది తువ్వాలు దులిపి, "అద్దాలు చేయించుకో. దినామూ పెట్టుకోవద్దు, జనం భయపడతారు. బండి విప్పినప్పుడు పెట్టుకో" అని వెళ్ళిపోయాడు. కొత్త బుష్, కొత్త కడ్డీ రావడానికి వారం పట్టింది. ఆ వారమూ బస్సు నడవక, ఇంట్లో సంగటి పలచగానే ఉండింది గానీ, అమ్మ సాయంత్రాలు పొయ్యి ముందు నిశ్చింతగా కూర్చోవడం అప్పుడే చూశాను.

నన్ను నాయన కొట్టలేదు. తిట్టలేదు. ఆ మంగళవారం నేను ఒక మూల ముడుచుకొని ఉంటే వచ్చి పక్కన కూర్చొని, "నేను అలిసిపోయినానని చెప్పినావు గదా అట్ల?" అన్నాడు. తల ఊపాను. "నేను అడిగితే నాకు నచ్చేది చెప్పొద్దు పాపా. ఉండేది చెప్పు. ల్యాదంటే ల్యాదను. మళ్ళీ ఇప్పుకుంటాం, అంతే గదా" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. చిన్నమ్మ రెండు నెలలకు బిడ్డతో క్షేమంగా తిరిగొచ్చింది. ఆమెకు ఏమీ చెప్పలేదు మేము. నేను ట్రైనింగుకు పోయాను, టీచరునయ్యాను, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. నాయన పదేళ్ళకు పైగా ఆ దారిలోనే బస్సు నడిపి, ఇంటి దగ్గర నులకమంచం మీద నెమ్మదిగా కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ గుట్టను తొలిచి వెడల్పు చేశారు. మూడు మలుపులూ ఒక్క వంపు అయ్యాయి. కారు రెండు నిమిషాల్లో దిగుతుంది. ఎవరూ హారన్ కోసం చెవులు రిక్కించి కూర్చోనక్కర్లేదు. ఎవరు ఎక్కడున్నారో క్షణంలో తెలుస్తుంది. భయపడడానికి ఆ రోజుల్లో ఉన్నన్ని కారణాలు ఇప్పుడు లేవని మా పిల్లలు అంటారు. నిజమే కావచ్చు. అయితే అప్పుడు ఏమీ తెలియక భయపడేవాళ్ళం, ఇప్పుడు అంతా బాగుందని తెలిసీ భయపడుతున్నాను. నా మనవరాలు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. నిన్న కూడా చేసింది. "ఎట్లుండావమ్మా?" అన్నాను. "బాగుండా అవ్వా" అంది, అలసిపోయిన ముసలామెకు చెప్పాల్సిన జవాబులా చకచకా. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఏమీ అడగలేదు కూడా. అవతల ఫ్యాను తిరుగుతున్న శబ్దం, ఎవరో బకెట్టు ఈడుస్తున్న శబ్దం వింటూ అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి అటునుంచి ఆ పిల్ల గొంతు మారి, "ల్యాదవ్వా... బాగల్యా" అంది.

"చెప్పు తల్లీ" అన్నాను.